పెత్తనం లేని ఇల్లు

పొద్దున్నే సంగటి కుండ దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ మైమూన్ అత్త దగ్గరికి వచ్చి నిలబడింది. షరీఫా పంచలో కూర్చుని పరుపు అంచు కుడుతోంది.

"అత్తా, ఇల్లు ఊడ్చేదా?"

"కసువుంటే ఊడ్చు, ల్యాకుంటే ఊరకుండు. దానికి నన్నడిగేదేంది బిడ్డా?"

అడిగేదేంది అంటే మైమూన్ ఏం చెబుతుంది పాపం. పులివెందులలో పుట్టింట్లో ఆ పిల్ల ఎవరినీ అడగకుండా చేసిన పని ఊపిరి తీసుకోవడం ఒక్కటే. నాయన అబ్దుల్ సలాం వీధి మొగదల దగ్గితే చాలు, ఇంట్లో ఆడవాళ్ళ మాటలు టక్కున ఆగిపోయేవి. ఆయన చెడ్డవాడేం కాదు. పండక్కి తనకంటే ముందు ఆడపిల్లలకే గుడ్డలు తెచ్చేవాడు. ఏ రంగు కావాలని మాత్రం ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. అలాంటి ఇంట్లో పెరిగి, ప్రొద్దుటూరులో ఈ దూదేకులవాళ్ళ ఇంటికి కోడలుగా వచ్చేసరికి మైమూన్‌కు దిక్కు తోచకుండా పోయింది.

ఎందుకంటే ఈ ఇంట్లో పెద్ద అంటూ ఎవరూ లేరు. లేరంటే పోయారని కాదు, మామ లాల్ బాషా గుండ్రాయిలా ఉన్నాడు. వయసులో ఉండగా ఆయన బొంబాయి పోయి నూలుమిల్లులో పనిచేసి వచ్చాడు. అక్కడ యంత్రాలు బాగుచేసే ముసలాయన ఒకడు రోజూ ఒకే మాట చెప్పేవాడట. మనిషి మీద మనిషి పెత్తనం చేయకూడదు, అది పోవాలంటే సర్కారు దాకా పోనక్కరలేదు, మీ మీ పొయ్యిల దగ్గర మొదలుపెట్టండి అని. మిల్లులో అందరూ విని, నవ్వి ఊరుకున్నారు. మన లాల్ బాషా మాత్రం ఆ మాటను మూటగట్టుకుని వచ్చి, నిజంగానే పొయ్యి దగ్గర మొదలుపెట్టాడు.

ఆయన ఇంట్లో ఎవరూ ఎవరికీ పని పురమాయించరు, చూసినవాళ్ళు చేస్తారు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఒకే బంతిలో కూర్చుని తిని, ఎవరి గిన్నె వాళ్ళే కడుక్కుంటారు. ఇంటి విషయం ఏదైనా వస్తే పొద్దున సంగటి దగ్గర అందరూ కూర్చుని తేల్చుకుంటారు. ప్రతి ఒక్కరూ నోరు తెరిచి "నాకు సమ్మతమే" అనాలి. ఒక్కరు కాదన్నా ఆ పని ఆగిపోతుంది. వీధిలో ఉండే బడిపంతులు ఇదంతా చూసి, "దీన్ని అరాజకవాదం అంటారు బాషా" అని చెప్పిపోయాడు. ఇంకేం, ఆ రోజు నుంచి ఆయన వీధికంతా అరాజకం బాషా అయ్యాడు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన ఏడాది, కాఫీ హోటల్లో జనం గొంతులు చించుకుంటుంటే ఆయన తాపీగా గ్లాసు దించి, "రాజధాని యాడుంటే మనకేందప్పా, ఇంట్లో రాజు ల్యాకుంటే సాలు" అన్నాడట.

పక్కింటి వెంకటరమణమ్మకు ఈ ఇల్లంటే తగని వేడుక. గోడ మీదుగా తల పెట్టి, "ఏం మైమూనూ, ఈ పొద్దు మీ ఇంట్లో ఎవురు ఎవురి మాట వినల్యా?" అని పలకరించేది.

మైమూన్ పైకి నవ్వేది. మొదట్లో అయితే లోపల ఏడుపు వచ్చేది. ఏమడిగినా "నీ ఇష్టం" అంటారు. పుట్టింట్లో కోపం వస్తే తప్ప ఆ మాట అనేవాళ్ళు కారు. అందుకని ఇంటిల్లిపాదికీ తన మీద కోపమే అనుకుని, పెనిమిటి జమీర్ దగ్గర ఒకసారి వలవలా ఏడ్చేసింది. అది కోపం కాదు, ఈ ఇంటి తీరే అంత అని నచ్చజెప్పేసరికి అతనికి తల ప్రాణం తోకకు వచ్చింది. చెప్పొద్దూ, తర్వాత్తర్వాత మైమూన్‌కు ఆ తీరు రుచి మరిగింది కూడా. పుట్టింట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలిన మాడు గీక్కుని తినే పిల్ల, ఇక్కడ మామ పక్కన కూర్చుని వేడి సంగటి, చెనిక్కాయల పచ్చడి కడుపునిండా తింటోంది. జమీర్ దూది ఏకుతుంటే విల్లు తీగ మోతకు తానూ పదం ఎత్తుకునేది. పాడొద్దని అన్నవాళ్ళు లేరు.

అలా సుఖంగా సాగిపోతుండగా మైమూన్ నీళ్ళు పోసుకుంది. అంతటితో ఆమె మనసులో ఒక భయం లేచి కూర్చుంది.

మైమూన్‌కు ఒక అక్క ఉండేది, ఖమ్రున్నీసా. తొలి కానుపుకు పుట్టింటికి వచ్చింది. ఆ కానుపులోనే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. వేడినీళ్ళ చెంబు పట్టుకుని గడప దగ్గర నిలబడింది మైమూనే. ఆ చెంబు లోపలికి తీసుకునేవాళ్ళు కూడా లేకపోయారు. తనకు నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి కళ్ళు మూసినా తెరిచినా ఆ గడపే కనిపిస్తోంది.

జమ్మలమడుగు ఆస్పత్రి పరుపులు ఏకి కుట్టేది ఈ ఇంటివాళ్ళే. పరుపుల పని మీద వచ్చిన నర్సమ్మ కరుణమ్మ ఒకనాడు మైమూన్‌ను కిందికీ మీదికీ చూసి, "తొలి కానుపు గదా పాపా. ఒగసారి వచ్చి చూపించుకో. కానుపు గూడా మా కాడనే అయితే మంచిది" అంది. ఆ మాట మామ విన్నాడు, అత్త వింది, జమీర్ విన్నాడు. కరుణమ్మ పోయాక ముగ్గురూ ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

మైమూన్ ఎదురుచూసింది. ఎవరో ఒకరు "పోయిరా బిడ్డా" అంటే చాలు, ఎగిరి గంతేసి పోతుంది. తనంతట తాను ఎలా అంటుంది? తొలి కానుపు పుట్టింటివాళ్ళ హక్కు. అది కాదంటే నాయన తల కొట్టేసినట్టే కదా. అత్తింటివాళ్ళు పొమ్మన్నారంటే ఆ నింద తన మీద పడదు. కానీ ఆ రోజు గడిచింది, నెలలు గడిచాయి, ఆ మాట ఎత్తినవాళ్ళు లేరు. అత్త ఆమె సంగట్లో మరి కాస్త నెయ్యి వేస్తోంది, అంతే. పని పురమాయించకపోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు అని మైమూన్ మనసు గట్టిగా చెప్పసాగింది.

ఏడో నెల పడగానే ఒక పొద్దున, అందరూ సంగటి ముందు కూర్చుని ఉండగా అబ్దుల్ సలాం వచ్చాడు. చేతిలో గాజుల పొట్లం, చంకలో మిఠాయి బుట్ట. పులివెందుల నుంచి తొలి బస్సుకు బయల్దేరి, ముద్దనూరులో మారి వచ్చాడట.

"రా బావా, కాళ్ళు కడుక్కో. సంగటి తిందువు" అని లాల్ బాషా లేచాడు.

ఆడవాళ్ళు మగవాళ్ళు ఒకే బంతిలో కూర్చోవడం చూసి అబ్దుల్ సలాం గడప దగ్గరే ఆగిపోయాడు. "తినేదానికి రాల్యా బావా. బిడ్డను పిల్చుకపోయేదానికి వచ్చినా. మధ్యాన్నం బస్సుకు పోతాం. మైమూనా, గుడ్డలు సర్దుకో."

సర్దుకో అన్న మాట చెవిన పడగానే మైమూన్ కాళ్ళు వాటంతట అవే లేచాయి. లోపలికి పోయి చీరలు మడత పెడుతూ చెవి మాత్రం పంచలోనే ఉంచింది. ఎవరైనా ఒక్కరు వద్దంటారేమోనని.

"ఆయమ్మ ఇష్టమేందో..." అని లాల్ బాషా నసిగాడు.

"ఆడబిడ్డ ఇష్టమేంది బావా? తొలి కానుపు పుట్టింట్లో అనేది లోకమంతా ఉండేదే గదా."

మామ గానీ అత్త గానీ వద్దనలేదు. జమీర్ లోపలికి వచ్చాడు. అతని ముఖం వాడిపోయి ఉంది. మైమూన్ చేతిలో మడత ఆపి అతని వైపే చూసింది.

"నీ ఇష్టం మైమూనా" అని అతను తల తిప్పుకున్నాడు.

అంతే, ఆమెలో ఏదో తెగింది. చీరలన్నీ మూటగట్టి పంచలోకి తెచ్చి అందరి మధ్యా దబీమని పడేసింది.

"నా ఇష్టం, నా ఇష్టం. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పట్నించీ ఇదే మాట. పోవద్దని ఒగరన్నా అంటారేమోనని సూస్తాండా. ఆ కరుణమ్మ వచ్చిపోయినప్పట్నించీ సూస్తానే ఉండా. నేను బతికినా సచ్చినా మీకు ఒగటేనా మామా?"

గోడ అవతల వెంకటరమణమ్మ చెంబు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. షరీఫా ఒక్క ఉదుటున లేచి వచ్చి కోడలి రెండు చేతులూ పట్టుకుంది.

"ఎంత మాటన్యావు బిడ్డా. ఆస్పత్రికి పో అనే మాట నా నాలిక కొసన ఉండాది. పుట్టింటికి పోవాలని నువ్వు ఆశపడతాంటావేమో, అత్తమామలు బలవంతాన ఆపిరి అనుకుంటావేమో అని నోరు కట్టేసుకున్యా."

"పరుపులిచ్చేదానికి జమ్మలమడుగు పోయినప్పుడు కరుణమ్మతో అన్నీ మాట్లాడొచ్చినా" అన్నాడు జమీర్, నేల చూపులు చూస్తూ. "ఏ నెలలో రావాల, యాడ ఉండాల, అంతా అడిగినా. నువ్వు ఒగ మాటంటే పిల్చుకపోదామని."

"మరి నాతో చెప్పరాదా?"

"చెప్తే పెత్తనం చేసినట్లయితాదేమోనని."

చూశారా, ఎంత చక్కటి మనుషులో. ఆమె చెప్పాలని వీళ్ళు, వీళ్ళు చెప్పాలని ఆమె, ఇన్ని నెలలు నోళ్ళు కట్టేసుకుని కూర్చున్నారు. ఇంత తెలివితక్కువ పొరపాటు ఇలాంటి మంచివాళ్ళ ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగదు. మైమూన్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ ఒక్కసారే వచ్చాయి.

అబ్దుల్ సలాంకు మాత్రం ఒళ్ళు మండింది. "ఆస్పత్రి ఏంది? ఎవురికి ఆస్పత్రి? నడువు మైమూనా, ఈ యవ్వారాలన్నీ నాకొద్దు" అని గొంతు పెంచాడు.

ఆ గొంతుకు పుట్టింట్లో గోడలు కూడా జవాబు చెప్పవు. మైమూన్ అత్త చేతులను ఇంకాస్త బిగించి పట్టుకుంది.

"నేను రాను నాయనా."

"ఏమన్యావు?"

"పులివెందలకు రాను. జమ్మలమడుగులో కానుపు చేసుకుంటా. నాకు బయ్యం నాయనా. అక్క మాదిరి నేను గూడా పోతానేమోనని బయ్యం."

అబ్దుల్ సలాం ముఖం నల్లబడింది. ఖమ్రున్నీసా పోయాక ఆ ఇంట్లో ఆమె పేరు ఎవరూ పలకలేదు. "దాని మాట ఎత్తొద్దు. అది అల్లా రాసిన రాత."

"అక్క గూడా జమ్మలమడుగు పోతానన్నింది నాయనా."

"ఎప్పుడు? ఎవురితో?"

"అమ్మతో అన్నింది, జేజమ్మతో అన్నింది, నాతో గూడా అన్నింది. నెలలు నిండకముందు నుంచే ఒళ్ళంతా వాపులొచ్చి, నాకేందో బాగల్యా, నాయనకు చెప్పండి అని ఏడ్సేది. మేమెవురం చెప్పల్యా."

"ఏటికి చెప్పల్యా?" ఆయన గొంతు సగానికి దిగిపోయింది.

"నీకు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవురికుండాది నాయనా?"

అబ్దుల్ సలాం చేతిలోని గాజుల పొట్లం పక్కన పెట్టి, సగం కుట్టిన పరుపు మీద కూలబడ్డాడు. ఎవరితోనో చెబుతున్నట్టు అన్నాడు.

"నాతో ఒగ్గ మాట చెప్పింటే బండి కట్టింటినే. బండి దొరక్కుంటే ఎత్తుకోనైనా పోయింటినే. నా బిడ్డను నేను పంపకుండా ఉంటినా?"

ఆ మాట నిజం. ఆయన పంపించేవాడే. ఇంట్లో తన మాటకు ఎదురు లేదని ఇన్నేళ్ళూ మీసం దువ్వుకున్నాడు. ఎదురు లేకపోవడం వల్లనే ఇంట్లో ఎవరి గోడూ తన చెవిదాకా రాలేదని ఆ పూట తెలిసింది. అల్లా మీద వేసి మోస్తున్న బరువంతా ఒక్కసారిగా తన నెత్తిన పడేసరికి ఆ పెద్దమనిషి రెండు చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

లాల్ బాషా పోయి ఆయన పక్కన కూర్చున్నాడు.

"నువ్వొక్కడివే గాదు బావా, నేను గూడా ఏడ్సాల్సినోణ్ణే. మీ ఇంట్లో బయ్యానికి నోర్లు మూసుకున్యారు, మా ఇంట్లో గొప్పకు మూసుకున్యాం. పెత్తనం చేయొద్దన్యాడు ఆ బొంబాయి ముసలాయన. అడగొద్దని ఆయన చెప్పల్యా, అది నేను కలుపుకున్యా." కోడలి వైపు తిరిగాడు. "నీకేం కావాల తల్లీ అని ఒగసారి కూడా అడగకుండా, నీ ఇష్టం అని పక్కకు తప్పుకున్యా. తప్పు నాదే. సరే, ఇప్పుడన్నా అందరం కూచోని సమ్మతం..."

"ఆగు" అంది షరీఫా. ఆమె గొంతు అంత గట్టిగా వినడం మైమూన్‌కు అదే మొదలు. "సమ్మతమేంది మధ్యలో? ఒళ్ళు ఆయమ్మది, కానుపు ఆయమ్మది. ఆయమ్మ చెప్పేసె, ఐపాయె. పరుపులు ఏకే యవ్వారమా ఇది, నలుగురు కూచోని తేల్చేదానికి? మనమేం చేయాల్నో ఆయమ్మనే అడుగు."

లాల్ బాషా ఒక క్షణం భార్య వైపు చూసి తల ఊపాడు. ముప్పొద్దులా సమానమని చెప్పే మనిషికి కూడా నేర్చుకోవలసింది ఇంకా మిగిలి ఉన్నట్టుంది. జమీర్ మెల్లగా మూట విప్పి చీరలు లోపల పెట్టి వచ్చాడు. ఈసారి మైమూన్ ముందు కూర్చుని, కళ్ళలోకి చూస్తూ, "నేనేం చేస్తే నీకు బాగుంటాది?" అని అడిగాడు. "నా కాడనే ఉండు" అంది ఆమె.

అబ్దుల్ సలాం లేచి పోయి ముఖం కడుక్కుని వచ్చాడు. కూతురి ఎదుట నిలబడి, ఎన్నడూ పలకని భాష పలుకుతున్నట్టు తడబడుతూ అన్నాడు.

"తల్లీ, జమ్మలమడుగుకు నేను గూడా రావచ్చునా?"

నాయన తన మాట కోసం నిలబడి ఉండడం మైమూన్‌కు కొత్త.

"రా నాయనా. అమ్మ గూడా ఉంటే నాకు శానా ధైర్యం."

"పిల్చుకొస్తా. నువ్వు చెప్పిన్నాటికి పిల్చుకొస్తా."

"అట్లగాదు నాయనా. అమ్మను అడుగు. వస్తానంటే పిల్చుకరా."

అబ్దుల్ సలాం తికమకపడ్డాడు. పెళ్ళయి తలలు నెరిశాయి, ఆమెను ఏదీ అడిగి ఎరగడు. సాయం కోసం షరీఫా వైపు తిరిగాడు. "ఎట్ల అడగాల చెల్లెమ్మా?"

షరీఫా కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "కూచోని అడుగన్నా. నిలబడి అడగొద్దు. ఆయమ్మ చెప్పేదాకా లేయొద్దు."

ఆయన ఆ పూట అందరితో పాటు బంతిలో కూర్చుని సంగటి తిన్నాడు. తల వంచుకునే తిన్నాడు గానీ, కడుపునిండా తిన్నాడు. గాజులు షరీఫా చేతికిచ్చి, మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే పోయాడు.

నెలలు నిండే వేళకు జమీర్ మైమూన్‌ను జమ్మలమడుగు తీసుకుపోయి, ఆస్పత్రి దగ్గరే ఒక గది చూశాడు. అమ్మా నాయనా పులివెందుల నుంచి వచ్చారు. కానుపు కష్టమే అయింది. వాపులు మైమూన్‌కూ వచ్చాయి. అయితే కరుణమ్మ ముందే కనిపెట్టి డాక్టరమ్మను పిలిచింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆడపిల్ల పుట్టింది. వరండాలో అబ్దుల్ సలాం, లాల్ బాషా ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారని నర్సమ్మలు నవ్వుకున్నారు.

అమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన కూర్చుంది. తర్వాత మైమూన్ చెవి దగ్గరికి వంగి, దాచుకున్న మాట ఇప్పుడే చెబుతున్నట్టు అంది.

"మీ నాయన నన్ను అడిగినాడే మైమూనా. వస్తావా అని అడిగినాడే."

"నువ్వేమన్యావమ్మా?"

"ఏమంటానే? ఇన్నేండ్లకు అడిగితే ఏం చెప్పాల్నో నాకు తెలిసిందా? ఏడుపొచ్చేసె. ఎంతసేపు ఏడ్చినానో. ఆయప్ప మాత్రం లేయల్యా, ఆడనే కింద కూచోనుండాడు, నేను చెప్పేదాకా."

అని, పసిబిడ్డ మీద కన్నీళ్ళు పడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.